భోజన్న కారు టాపు

డిచ్‌పల్లి
9 ఆగస్టు 1988

బాలవ్వకు ఏసుదానం రాసేది.

నిజామాబాదుల సీటు కవర్ల దుకాణంల పది దినాల పని దొరికిందని చెప్పి బస్సెక్కిన గదా. ఆ మాట అబద్ధం. నిజామాబాద్ బస్టాండుల దిగి, ఇంకో బస్సు పట్టుకోని డిచ్‌పల్లి దవాఖానకు వచ్చిన. గీ దవాఖానకు ఏ రోగమున్నోళ్లు వస్తరో నీకు చెప్పే పని లేదు. మన జిల్లల చిన్న పిల్లలకు సుత ఎరికే.

నెల కింద ఒక దినం రెక్సిన్ ముక్క ముడుతలు తియ్యాలని ఇస్త్రీ పెట్టె పెట్టిన. కాలిన వాసన వచ్చింది. రెక్సిన్ కాలిందనుకోని జూసిన. రెక్సిన్ మంచిగనే ఉన్నది. కాలుతున్నయి నా కుడిచెయ్యి వేళ్లు. నాకు తెలువనే లేదు. ఆ దినం సూది కుచ్చుకున్నదని నీకు చెప్పి గుడ్డ కట్టుకున్న. వీపు మీద మచ్చ వచ్చి రెండేండ్లాయె. అప్పటిసంది అనుమానమే. చూపించుకుంటే అదేనని చెప్తరని చూపించుకోలే.

డాక్టరమ్మ ఎర్ర గోలీలు, నల్ల గోలీలు ఇచ్చింది. మందు మొదలువెట్టినంక ఇంకొకరికి అంటుకోదట. రెండేండ్లు మింగాలె. వేళ్ల పుండు మానేదాక ఇక్కడనే ఉండుమన్నది. నువ్వు, బిడ్డ సుగుణ బోధన్ సర్కార్ దవాఖానకు పోయి నెత్తి నుంచి కాళ్ల దాక పెయ్యి చూపించుకోండ్రి. మచ్చ ఉంటే దాచకుండ్రి. దాచినోని సంగతి చూస్తనే ఉన్నవు.

ఇంకొకటి. నల్ల రెక్సిన్ టాపు వెయ్యమని భోజన్న మన ఇంటి ముందట పెట్టిపోయిన అంబాసిడర్ సంగతి. కప్పు మీది పాత రంగంత గీకి, ఇనుము తేలేటట్టు జేసి వచ్చిన. ముందటద్దం, ఎనుకద్దం తీసి అర్రల గోడకు ఆనిచ్చిన. రెక్సిన్ చుట్ట మంచం కింద ఉన్నది. ఆయనను పిలిచి, నా మొగనికి చాతనైతలేదు, తీస్కపొమ్మని చెప్పు. ఎందుకని అడిగితే ఏదన్న ఒకటి చెప్పు.

నన్ను చూడనీకె రాకు. ఇక్కడ బస్సు దిగినోళ్లను బస్సుల కూసున్నోళ్లంత తిరిగి చూస్తరు.

ఏసుదానం


బోధన్
17 ఆగస్టు 1988

సుగుణ బాపుకు బాలవ్వ రాసేది.

నీ ఉత్తరం రెండు మాట్ల చదివిన. మూడోసారి చదువబుద్ధి కాలే.

దవాఖానకు పోయినం. సుగుణ వీపు, కాళ్లు, చెవులు అన్ని చూసిండ్రు. కండ్లు మూసుకొమ్మని, ఈకతోని రాసి, ఏడ తగిలిందో చెప్పుమన్నరు. అది ఆటనుకోని నవ్వింది. దానికేం లేదు. నాకు సుత లేదు.

నీ వీపు మీద మచ్చ నేను చూడలేదనుకున్నవా. పోయినేడు ఎండకాలం అడిగితే శోభి అంటివి. శోభికి మందు తెచ్చి రాసింది నేనే. నాకు రోగం మీద కోపం లేదు. నేను మందు రాస్తుంటే నువ్వు తెలిసి సప్పుడు జెయ్యకుండ పండుకున్నవు గదా, గందుకు కోపం.

ఎడపల్లి నుంచి భోజన్న నిన్న వచ్చిండు. ఏదన్న ఒకటి చెప్దామనే అనుకున్న. నోరు రాలే. కుష్టు అని ఉన్నది ఉన్నట్టు చెప్పిన. గేటు కాడ నిలవడ్డోడు నిలవడ్డట్టే ఉన్నడు.

"రెక్సిన్ ముట్టిండా?" అన్నడు.

"ముట్టిండు. కొనుక్కొచ్చిందే ఆయన" అన్న.

"మరెట్ల?"

"మందు మింగుతున్నడు. అంటుకోదని డాక్టర్లు చెప్తున్నరు. నీకు నమ్మకం లేకుంటే తోలుకపో. నేనేమన."

కారు చుట్టు తిరిగిండు. గీకిన కప్పు మీద అప్పుడే తుప్పు లేస్తున్నది. అద్దాల్లేని కారు ముసుర్ల ఎట్ల తోలుకపోతడు. "నువ్వు చేస్తవా?" అన్నడు. చేస్త అన్న.

జాకెట్లు కుట్టేదాన్ని, ఎందుకట్లన్ననో నాకే తెల్వదు. కారు గీకిన కప్పుతోని మన గల్లిల నుంచి పోతే, గా ఇంట్ల పని బందైందని అందరికి చూపించుకుంట పోయినట్టే. అది నాకు ఇష్టం లేదు. ఆయన చెల్లె పెండ్లి మాఘమాసంల ఉన్నదట. అందాక ఆగుతనన్నడు.

ఎట్ల చెయ్యాలెనో వరుసగ రాయి. గింత సుత ఆమెకు తెల్వదా అని ఏది ఇడువకు.

బాలవ్వ


డిచ్‌పల్లి
26 ఆగస్టు 1988

బాలవ్వకు,

వద్దన్న పని నెత్తికెత్తుకున్నవు. సరే. రాస్తున్న.

మొదలు తుప్పును రేగ్‌మాల్ కాయితంతోని రుద్దాలె. చెయ్యి పెడితే అద్దం మీద పెట్టినట్టు జారాలె. ఒక్క ఇసుక రవ్వ మిగిలినా టాపు మీద మొటిమ లెక్క కనవడ్తది. రుద్దినంక రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వెయ్యి. వాన తగులకుంట తాడ్‌పత్రి కప్పు. గని కప్పుకు ఆననియ్యకు, కట్టెలు పాతి గుడిసె లెక్క కట్టు.

రెక్సిన్ ఒక్క పన్న వెడల్పు సరిపోదు. మూడు ముక్కలు కోసి, ముందటి నుంచి ఎనుకకు రెండు కుట్లు వెయ్యాలె. కుట్టు నాకంటే నీకే తిన్నగ వస్తది. కప్పు నడుమ సుద్దముక్కతోని పొడుగు గీత గియ్యి. రెక్సిన్ ఎనుక గుడ్డకు సుత నడుమ గీత గియ్యి. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి కూసుండాలె. అది తప్పితే అంత వంకరే.

వానల చెయ్యకు. తేమ ఉంటే పట్టదు. దసరా ఎల్లి మంచి ఎండ కాసినంక, పొద్దున రెక్సిన్ ఎండల పరిచి మెత్తవడనియ్యి. సగం మడిచి పెట్టుకోని సొల్యూషన్ రెండు దిక్కుల పూయి, ఇనుముకు, గుడ్డకు. పూయంగనే అంటియ్యకు. వేలి ఎనుకదిక్కు తగిలిస్తే పట్టుకున్నట్టు అనిపియ్యాలె గని వేలికి రావద్దు. ఆ టైము తెలుసుకునుడే ఈ పని. నాకు ఏడాది సంది తెలుస్తలేదు. గడియారం చూసి చేస్తుంటి.

నడుమ నుంచి అంచులకు గుడ్డ ఉండతోని ఒత్తుకుంట పో. అంచుల నుంచి నడుమకు వస్తే గాలి లోపల ఇరుకుతది. మూలల కాడ రెక్సిన్ మొండికేస్తది. ఇస్త్రీ పెట్టె ముట్టకు. ఉడుకునీళ్లల్ల ముంచి పిండిన గుడ్డ మూల మీద పెట్టి, మెత్తగైనంక గుంజు. పక్కలకు తలుపుల మీద వాననీళ్లు పోయే గాడి ఉంటది, అంచు అండ్లకు దిగాలె. ముందటికి, ఎనుకకు అద్దం రబ్బరు కిందికి పోవాలె. కోసేటప్పుడు ఒక వేలు మందం ఎక్కువనే ఉంచు. ఎక్కువైంది కొయ్యొచ్చు. తక్కువైంది పెంచలేవు.

గింత రాస్తుంటే పొద్దు పోయింది తెలువలే. వచ్చినకాన్నుంచి ఇయ్యాల్నే అన్నం సయించింది.

ఏసుదానం


బోధన్
22 సెప్టెంబర్ 1988

సుగుణ బాపుకు,

ముసురు ఇడుస్తలేదు. పన్నెండు దినాలాయె. గుడిసె లెక్క కట్టిన తాడ్‌పత్రి రెండు మాట్ల గాలికి లేచిపోయింది. తుప్పు రుద్దుడు అయింది. భుజాలు లేస్తలేవు. రాత్రి చెయ్యి తల కింద పెట్టుకుంటే, తెల్లారి ఆ చెయ్యి నాదో కాదో తెల్వలే. అప్పుడు నువ్వు యాదికొచ్చినవు. తెలువకపోవుడంటే గిట్ల ఉంటది కావచ్చు అనుకున్న.

రెడ్ ఆక్సైడ్ ఒక పూత వేసిన. రెక్సిన్ కోసి కుట్టు మొదలువెట్టిన. మన మిషనుకు అది బరువు పని. చక్రం చేతితోని తిప్పుకుంట కుడుతున్న. మూడు సూదులు ఇరిగినయి.

మాక్లూర్ నుంచి మా దేవదాస్ అన్న వచ్చి పోయిండు. సుగుణను కొన్ని దినాలు వాళ్లింట్ల ఉంచుకుంటనని తోలుకపోయిండు. అక్కడ బడి దగ్గర. నాకు పని మీద ఉండనీకె సుత వీలైతది.

పుండు ఎట్లున్నది. దాని గురించి నువ్వు రాయలే.

బాలవ్వ


డిచ్‌పల్లి
5 అక్టోబర్ 1988

ప్రియమైన భార్య బాలవ్వకు,

ఇచ్చట నేను క్షేమముగా ఉన్నాను. అచ్చట నీవును, చిరంజీవి సుగుణయు క్షేమమని తలంచుచున్నాను. పుండు క్రమముగా మానుచున్నది. చింతించవలదు. రెక్సిన్ కుట్టుటకు లావు సూది, నైలాన్ దారము వాడవలెను. మిషనుకు నూనె వేయుము. ఇక్కడి భోజనము బాగున్నది.

ఇట్లు
ఏసుదానం


బోధన్
14 అక్టోబర్ 1988

సుగుణ బాపుకు,

ఎవరితోని రాపిచ్చినవు? ఇచ్చట, అచ్చట అని నువ్వు ఎన్నడు రాసినోనివి కాదు. అక్షరాలు ముత్యాల లెక్క ఉన్నయి, ఒక్క మాట నీది లేదు. నీ చేతికి ఏమైంది?

నేను సుత ఒకటి దాచిన, అది ముందు చెప్త. సుగుణ అన్న ఇంటికి సంతోషంగ పోలే. బడిల పిల్లలు దాన్ని వేరే కూసుండుమన్నరు. డిచ్‌పల్లి ముద్రతోని ఉత్తరాలు వస్తున్నయి, గల్లి అంతటికి తెలిసింది. నాలుగు దినాలు బయట అరుగు మీద కూసోని వచ్చిందట, నాకు చెప్పలే. ఇంట్ల దాచుడు దానికి సుత వచ్చింది. అన్న నన్ను సుత రమ్మన్నడు. "ఆడు బతికున్నా లేనట్టే, పోరిని చూసుకో" అన్నడు. నేను పోలే.

జాకెట్లు కుట్టమని ఎవ్వరు వస్తలేరు. కుట్టిపెట్టినయి సుత మూడు అట్లనే ఉన్నయి. తీస్కపోతలేరు.

ఇగ నువ్వు చెప్పు. నీ చేత్తోని రాయి. ఎంత వంకర ఉన్నా సరే.

బాలవ్వ


డిచ్‌పల్లి
29 అక్టోబర్ 1988

బాలవ్వ,

ఎడమచెయ్యితోని రాస్తున్న. నాలుగు దినాల సంది రాస్తున్న ఇది.

రాసిచ్చింది పక్క మంచం మార్కండేయ. పంతులుగ చేసినాయన.

పుండు మాంసం తిని బొక్క దాక పోయింది. సెప్టెంబరు ఆఖరుకు కుడిచెయ్యి చూపుడు వేలు, నడిమి వేలు సగం సగం తీసిండ్రు. నొప్పి లేదు. నొప్పి ఉంటే గింత దాక రాకపోవు.

కత్తెర పట్టస్తదా అని డాక్టరమ్మను అడిగిన. చూద్దాం అన్నది. ఆమె మొకం చూస్తే తెలిసింది.

సుగుణ సంగతి చదివి అన్నం తినలే.

టాపు ఒక్కదానివి వెయ్యకు. రెండో మనిషి లేకుంటే మీద పడి ముడుచుకపోతది. ఎవ్వరు రాకుంటే ఇడిచిపెట్టు.

ఏసుదానం


బోధన్
21 నవంబర్ 1988

సుగుణ బాపుకు,

నీ ఉత్తరం మిషను మీద పెట్టుకోని ఒక దినమంత కూసున్న. ఏడ్వలే. ఏడ్వనీకె సుత బలం ఉండాలె. తెల్లారి లేచి కుట్టు పని అందుకున్న. అది తప్ప చేసేదేం కనవడలే.

టాపు వేసిన. ఎట్లయిందో చెప్త.

రెండో మనిషి కోసం ముగ్గురిని అడిగిన. ఇద్దరు రేపన్నరు, ఒకామె తలుపే తియ్యలే. ఆఖరుకు వెంకటవ్వ తనంతట తానే వచ్చింది, మన ఎనుక ఇంట్ల ఉండే చెరుకు కొట్టే ఆమె. సీజను మొదలైంది గదా, చెరుకు బండ్లు ఫ్యాక్టరీ దాక రోడ్డు పొడుగున నిలవడి ఉన్నయి, ఆమెకు ఆ దినం చేనుకు పోయే బండి దొరుకలేదట. "ఏం పని చెప్పు" అన్నది. రోగం సంగతి తెలుసా అని అడిగిన. రెండు చేతులు చాపింది. చెరుకు కమ్మలు కోసి కోసి ఒక్క జాగ సాపుగ లేదు. "గీ చేతులకు ఇంకేం కొత్తగ అంటుతది" అన్నది.

పొద్దున పది దాక రెక్సిన్ ఎండల పరిచినం. ముందటి సగం మంచిగనే కూసున్నది. గీతలు కలిసినయి. ఎనుక సగం కాడ నేను తొందరపడ్డ. సొల్యూషన్ ఇంకా పచ్చిగ ఉండంగనే వెంకటవ్వను ఇడువుమన్న. రెక్సిన్ జరిగి, వంకర పడ్డది. ఇద్దరం కలిసి మెల్లగ ఊడదీసినం. చినుగుతదేమో అని నా పానం పోయింది. చినుగలే. మళ్ల గుడ్డతోని తుడిచి, మళ్ల పూసి, ఈసారి వేలి ఎనుకదిక్కుతోని పది మాట్ల చూసుకున్న. పట్టుకున్నట్టు అనిపిచ్చింది, వేలికి రాలే. అప్పుడు నువ్వు రాసిన మాట తెలిసింది.

మూలలకు పొద్దుమూకే దాక పట్టింది. వెంకటవ్వ ఉడుకునీళ్లు కాసిచ్చుడు, నేను గుంజుడు. అద్దాలు పెట్టనీకె మెకానిక్ కాశయ్యను పిలిస్తే వచ్చిండు. రబ్బరు ఎక్కిచ్చిండు గని మంచినీళ్లు ఇస్తే తాగలే. గ్లాసు అట్లనే పెట్టి పోయిండు.

భోజన్న ఆదివారం వచ్చిండు. తలుపు తీసి గాడిల వేలు పెట్టి చూసిండు, కుట్టు మీద గోరుతోని గీకి చూసిండు. "నీళ్లు దిగుతయా?" అన్నడు. బిందెడు నీళ్లు పోసి చూపెట్టిన. చుక్క దిగలే. కారు తోలుకపోయిండు.

ఇంటి ముందు జాగ ఖాళీగ ఉన్నది. ఇయ్యాల ఏ పని లేదు. ఒళ్లు నొప్పులతోని జరమొచ్చింది. అయినా తృప్తిగనే ఉన్నది.

క్రిస్మస్‌కు వస్తవా?

బాలవ్వ


డిచ్‌పల్లి
15 డిసెంబర్ 1988

బాలవ్వకు,

టాపు వేసినవంటే సంతోషం. డాక్టరమ్మ ఇంకా పంపుతలేదు. క్రిస్మస్‌కు రాను. నా కోసం చూడకుండ్రి. సుగుణకు ముద్దులు అని చెప్పు.

ఏసుదానం


బోధన్
13 జనవరి 1989

ఏసుదానంకు,

భోజన్న మొన్న ఇంటికి వచ్చిండు. చెల్లె పెండ్లి పత్రికలు పంచనీకె కామారెడ్డి దిక్కు పోతూ, దారిలనే గదా అని డిచ్‌పల్లిల ఆగిండట. నిన్ను చూసిండట. చెప్పుల పని నేర్చుకుంటున్నవట, మంచిగ తిరుగుతున్నవట. "ఏసుదానంను ఇంటికి పొమ్మని క్రిస్మస్ ముందే చెప్పినం, పోతలేడు" అని అక్కడోళ్లు చెప్పిండ్రట.

క్రిస్మస్ నాడు నేను ఒక్కదాన్నే అన్నం వండుకోని తిన్న. నువ్వు రాసింది నమ్మిన.

నాకు ఇగ కోపానికి సుత ఓపిక లేదు. వస్తవా రావా, అది రాయి. రాకుంటే మాక్లూర్ పోత. ఈ ఇంటి తలుపు రోజు నేనే తీసి, నేనే పెట్టుకోలేను.

బాలవ్వ


డిచ్‌పల్లి
21 జనవరి 1989

బాలవ్వకు,

నిజమే. డిసెంబరు పదినాడే పొమ్మన్నరు. పుండు మానింది. గోలీలు ఇంటికాడ మింగొచ్చు. నేనే పోలే.

ఎందుకో చెప్త. ఇక్కడ అందరి చేతులు నా చేతుల లెక్కనే ఉన్నయి. అన్నం తింటుంటే ఎవ్వరు చూడరు. గోలీలకు పెయ్యి నల్లవడ్డది, ఎవ్వరు అడుగరు. ఈ ఇనుప గేటు దాటితే చూపులు మొదలైతయి. బోధన్‌ల నేను టాపుల ఏసుదానంను. ఇప్పుడు ఏమని పిలుస్తరో ఎరికే. కత్తెర పట్టలేను. నీకు బరువే తప్ప ఏం చేస్త. అన్నిటికంటె సుగుణ. నా చెయ్యి చూసి అది ఎనుకకు జరిగితే నేను తట్టుకోను. జరుగకుంటే సుత తట్టుకోను. దాన్ని ముట్టుకోవాల్నంటే భయమైతది. అంటుకోదని తెలుసు. తెలిసినా భయమే.

భోజన్న వచ్చిన సంగతి చెప్త. కారు లోపలికి తెచ్చి చెట్టు నీడకు పెట్టిండు. నేను పోలే, కిటికీల నుంచి చూసిన. ఆయననే పిలిచిండు. "నీ పెండ్లాం వేసిన టాపు, చూసి తప్పుంటె చెప్పు" అన్నడు. పోయిన. చెయ్యి పెట్టిన. ఏం తెలువలే. ఎండకు కాలుతున్నదో చల్లగున్నదో సుత తెలువలే. అప్పుడు వంగి చెంప ఆనిచ్చిన. ఎచ్చగ ఉన్నది. చెంపతోనే కుట్టు పొడుగున చూసుకుంట పోయిన. చూసేటోళ్లు పిచ్చోడనుకోని ఉంటరు. కుట్లు తిన్నగ ఉన్నయి. ఎనుక ఎడమ మూలకు గోరంత బుగ్గ ఉన్నది, గాలి ఇరికింది. సన్న సూదితోని ఒక్క పోటు పొడిచి ఒత్తితే పోతది. భోజన్నకు చెప్పిన. "ఆమెతోనే చేపిస్త" అన్నడు. చాన దినాల ఎనుక ఒక మనిషి నన్ను పని గురించి అడిగిండు. ఆయన పోయినంక బాతురూంల కూసోని ఏడ్సిన.

మాక్లూర్ పోకు. వస్త. గని పొద్దుమూకినంక వచ్చే ఆఖరు బస్సుకు వస్త. బస్టాండుల ఎవ్వరుండరు. చర్చి ఎనుక సందుల నుంచి ఇంటికొస్త. నువ్వు తలుపు దగ్గరికి ఏసి ఉంచు, గొళ్లెం పెట్టకు. కొన్ని దినాలు నేను బయట కనవడను.

ఏసుదానం


బోధన్
27 జనవరి 1989

సుగుణ బాపుకు,

భోజన్న కారు తెచ్చిండు. నువ్వు చెప్పిన మూల కాడ సూదితోని పొడిచిన. పోయింది. ఆయన ఎంట వర్ని నుంచి ఒకాయన వచ్చిండు, జీపుకు గుడ్డ టాపు కుట్టాలెనట. ఒప్పుకున్న. జీపు కొలతలు నాకు రావు. నువ్వు కూసోని చెప్పాలె, నేను కొయ్యాలె. వెంకటవ్వ వస్తనన్నది.

అందరు మారిండ్రని అనుకోకు. మారలే. కుట్టిపెట్టిన మూడు జాకెట్లల్ల ఒకటే తీస్కపోయిండ్రు. చర్చిల నా పక్కన జాగ ఇంకా ఖాళీగనే ఉంటది. నువ్వు వచ్చినంక ఇంకా ఎక్కువైతది కావచ్చు. నాకు అన్నిటికి అలవాటైంది. నీకు సుత అలవాటైతది. అంతకంటె ఎక్కువ నేను చెప్పలేను.

నిన్న మాక్లూర్ పోయి సుగుణను తోలుకొచ్చిన. అన్న తిట్టిండు, వదినె అన్నం మూట కట్టిచ్చింది. బస్సుల దానికి అంత చెప్పిన. వేళ్లు తీసిన సంగతి సుత. "నొప్పి లేస్తదా?" అని అడిగింది. లెవ్వదని చెప్పిన.

ఆఖరు బస్సుకు రాకు. బుధవారం పొద్దున పదిగంటల బస్సుకు రా. ఆ టైముకు బస్టాండు నిండ మనుషులుంటరు, రోడ్డు నిండ చెరుకు బండ్లుంటయి. ఉండనియ్యి. నేను, సుగుణ బస్సు ఆగేకాడ నిలవడి ఉంటం. సందుల నుంచి పోము. పెద్ద రోడ్డు మీదికెళ్లే నడుచుకుంట ఇంటికి పోదాం. ఎవరన్న అడిగితే నేను మాట్లాడుత.

నీ సంచి నేను పట్టుకుంట. నువ్వు పిల్ల చెయ్యి పట్టుకో.

బాలవ్వ